గ్యాస్ మాత్ర ఆపగానే మంట ఎందుకు తిరిగి వస్తోంది? కడుపులో ఆమ్లం తయారయ్యే తీరు, ఆగే తీరు

నమస్కారమండీ. మీరు అడిగిన దాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ వయసు 38, విజయవాడలో ఉద్యోగం. ఎనిమిది నెలలుగా రోజూ పాంటొప్రజోల్ 40 అనే గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారు. ఆపి చూస్తే మూడో రోజుకే ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు మునుపటి కంటే ఎక్కువగా వచ్చి, భయపడి మళ్లీ మొదలుపెట్టారు. ఇంట్లో వాళ్లు కారం మానేయమంటున్నారు, స్నేహితులేమో ఉపవాసాల వల్ల యాసిడ్ పెరిగిందంటున్నారు. అసలు కడుపులో యాసిడ్ ఎలా తయారవుతుంది, నాకే ఎందుకు ఎక్కువైంది, శరీరం దాన్ని తనంతట తాను అదుపు చేసుకోలేదా అన్నది మీ ప్రశ్న. గుంటూరులో 26 ఏళ్లుగా జీర్ణకోశ వైద్యం చేస్తున్నవాడిగా, ఈ ప్రశ్నను రోజుకు పదిసార్లు ఏదో ఒక రూపంలో వింటున్నవాడిగా, కొంచెం వివరంగానే జవాబిస్తాను.

సూటిగా చెప్పాలంటే, మీ కడుపు అవసరానికి మించి ఆమ్లం తయారు చేస్తోందని అనుకోవడానికి మీరు రాసినదానిలో ఆధారం ఏమీ లేదు. ‘ఎసిడిటీ’ అంటూ వచ్చేవారిలో చాలామందికి ఆమ్లం ఉండవలసినంతే ఉంటుంది. అది ఉండకూడని చోటికి, అంటే అన్నవాహికలోకి, ఎగదన్నడం వల్లనో, లోపలి పొర బలహీనపడడం వల్లనో మంట పుడుతుంది. ఇక అదుపు సంగతి: శరీరం ఆమ్లాన్ని చక్కగా అదుపు చేసుకోగలదు, దానికున్న ముఖ్యమైన బ్రేకు ఆ ఆమ్లమే. మీరు వేసుకున్న మాత్ర ఎనిమిది నెలలుగా ఆ బ్రేకును పడనివ్వలేదు. మాత్ర ఆపిన తరువాత మునుపటి కంటే ఎక్కువగా మంట రావడానికి ప్రధాన కారణం అదే కావచ్చు. ఇది అర్థం కావాలంటే ఆమ్లం పుట్టుక దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

ఎండోస్కోపీలో జీర్ణాశయపు పైభాగం, నడిభాగం చూస్తే లోపలి పొర గులాబి రంగులో, మడతలు మడతలుగా, తడిగా మెరుస్తూ ఉంటుంది. ఆ మడతల మీద కంటికి ఆనని గుంటలు లక్షల సంఖ్యలో ఉంటాయి. ఒక్కో గుంట అడుగున సన్నని గొట్టాల వంటి గ్రంథులు, ఆ గ్రంథుల గోడల్లో ప్యారైటల్ కణాలు ఉంటాయి. మొత్తం మీద సుమారు వంద కోట్ల కణాలు. ఈ కణం కార్బన్ డయాక్సైడును, నీటిని కలిపి, ఒక ఎంజైము సాయంతో ఒక హైడ్రోజన్ అయానును, ఒక బైకార్బొనేటును తయారు చేస్తుంది. బైకార్బొనేటును పెరటి గుమ్మం గుండా రక్తంలోకి పంపేసి, దానికి బదులుగా క్లోరైడును తీసుకుంటుంది. హైడ్రోజన్ అయానును వీధి గుమ్మం గుండా జీర్ణాశయంలోకి నెడుతూ, ఒక పొటాషియం అయానును లోపలికి లాక్కుంటుంది. ఈ నెట్టే యంత్రం పేరే ప్రోటాన్ పంపు. క్లోరైడు కూడా మరో దారిన అదే వైపుకు చేరి హైడ్రోజనుతో కలిస్తే, అదే హైడ్రోక్లోరిక్ ఆమ్లం.

బాత్‌రూము కడగడానికి వాడే యాసిడ్ కూడా ఇదే. మన మాచర్ల నాపరాయి మీద అది ఒలికితే బుసబుసమని నురగ లేవడం మీరు చూసే ఉంటారు. కొట్లో దొరికే ఆ సీసా కంటే మన కడుపులోది చాలా పలచన, అయినా తక్కువదేమీ కాదు. కణం నుంచి వెలువడే క్షణంలో దానిలో లీటరుకు సుమారు 160 మిల్లీమోళ్ల ఆమ్లం ఉంటుంది, ఆమ్లతను కొలిచే పీహెచ్ 1కి దగ్గరగా ఉంటుంది. రక్తం పీహెచ్ 7.4. ఈ కొలతలో ఒక్క అంకె తగ్గితే ఆమ్లత పది రెట్లు పెరిగినట్టు లెక్క. కాబట్టి ఆ కణానికి వెనుకనున్న రక్తానికీ, ముందున్న ఆమ్లానికీ మధ్య తేడా పది లక్షల రెట్లకు పైమాటే. శరీరంలో ఇంకెక్కడా ఇంత ఎగువకు తోడిపోసే పంపు లేదు. అంత పనికి తగిన శక్తి కావాలి గనుక ప్యారైటల్ కణం లోపల మూడోవంతు స్థలాన్ని శక్తినిచ్చే మైటోకాండ్రియాలే ఆక్రమించుకొని ఉంటాయి. ఇలా రోజు మొత్తం మీద లీటరున్నర నుంచి రెండున్నర లీటర్ల దాకా జఠర రసం ఊరుతుంది.

ఒక వివరం ఇక్కడే గుర్తు పెట్టుకోండి, తరువాత పనికొస్తుంది. కడుపు ఖాళీగా, నిమ్మళంగా ఉన్నప్పుడు ఈ పంపులలో చాలావరకు కణం లోపలి చిన్న చిన్న సంచుల్లో ముడుచుకొని ఉంటాయి. భోజనం పిలుపు అందగానే ఆ సంచులు కణం అంచుకు చేరి అక్కడి పొరలో కలిసిపోతాయి, పంపులు బయటపడి పని మొదలుపెడతాయి. భోజనం అరిగాక మళ్లీ లోపలికి పోతాయి.

మరి ఇంత ఘాటైన ద్రవం కడుపునే ఎందుకు తినేయదు అని చాలామంది అడుగుతారు. లోపలి పొర మీద జిగురు వంటి శ్లేష్మం పరుచుకొని ఉంటుంది, ఆ జిగురులోకి అడుగునున్న కణాలు, ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేటును నిరంతరం ఊరిస్తుంటాయి. అందుకే లోపల నడిమధ్యన పీహెచ్ 2 ఉన్నా, జిగురు కింద కణాల ఉపరితలం దగ్గర అది 7కు చేరువలో ఉంటుంది. పైపొర కణాలు కూడా కొద్ది రోజులకొకసారి రాలిపోయి కొత్తవి వస్తాయి. ఈ రక్షణ ఏర్పాటంతా ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల మీద ఆధారపడి ఉంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వాటి తయారీనే ఆపేస్తాయి. అప్పుడు ఆమ్లం చుక్క కూడా పెరగకుండానే పుండు పడుతుంది. మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒక హమాలీ, యాభై దాటినవాడు, నడుము నొప్పికి ఏడాదిగా రోజూ రెండు మాత్రలు మింగుతూ, విరేచనం తారులా నల్లగా పోతోందని మా దగ్గరకు వచ్చాడు. ‘రోజంతా మిరపకోరులో ఉంటాను గదా సార్, ఆ కారమే కడుపులోకి దిగింది’ అన్నాడు. ఎండోస్కోపీలో రూపాయి బిళ్లంత పుండు కనిపించింది. కారణం కారం కాదు, చొక్కా జేబులో ఉన్న మాత్రల అట్ట.

ఇక అదుపు సంగతి. ఆమ్లాన్ని పెంచే సంకేతాలు ముఖ్యంగా మూడు. ఒకటి, మెదడు నుంచి దిగివచ్చే వేగస్ నాడి. ఆవకాయ జాడీ మూత తీయగానే నోట్లో నీళ్లు ఊరతాయి కదా, అదే క్షణంలో కడుపులోనూ ఊరడం మొదలవుతుంది, కాకపోతే అది మనకు తెలియదు. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కల మీద నిరూపించిన విషయాలలో ఇదీ ఒకటి. మింగిన ఆహారం కడుపుకు చేరకుండా మెడ దగ్గరే బయటికి వచ్చేలా ఏర్పాటు చేసినా వాటి జీర్ణాశయంలో రసం ధారగా ఊరింది. జీర్ణక్రియ మీద చేసిన కృషికే ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. భోజనానికి ఊరే మొత్తం ఆమ్లంలో దాదాపు మూడోవంతు ఇలా ముద్ద కడుపులో పడకముందే, చూపుకూ వాసనకూ రుచికీ ఊరేదే. రెండోది గ్యాస్ట్రిన్ అనే హార్మోను. జీర్ణాశయం దిగువ భాగమైన యాంట్రంలోని కణాలు, కడుపు సాగినప్పుడూ మాంసకృత్తులు తగిలినప్పుడూ దీన్ని రక్తంలోకి వదులుతాయి. మూడోది హిస్టమిన్. గ్యాస్ట్రిన్ నేరుగా చేసే పని కంటే, పక్కనున్న మరో రకం కణాల చేత హిస్టమిన్‌ను విడుదల చేయించి చేసే పనే ఎక్కువ. ఆ హిస్టమిన్ ప్యారైటల్ కణం మీదున్న హెచ్2 అనే గ్రాహకాన్ని, అంటే సంకేతాన్ని అందుకునే చోటును, తట్టి లేపుతుంది. ఈ గ్రాహకాన్ని మూసేసే మందును కనిపెట్టినవారిలో ముఖ్యుడైన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. ఫామోటిడిన్ ఆ వర్గంలోనిదే.

నేను వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు శస్త్రచికిత్స వార్డుల్లో అల్సర్ ఆపరేషన్లు నిత్యకృత్యం. వేగస్ నాడిని కోసి, జీర్ణాశయాన్ని చిన్నప్రేగుకు కలిపి కుట్టేవారు. ఇప్పటికీ పల్నాడు వైపు నుంచి వచ్చే డెబ్బై ఏళ్ల పెద్దాయన చొక్కా పైకెత్తితే, రొమ్ము కింద నుంచి బొడ్డు దాకా నిలువుగా ఆ కుట్ల మచ్చ కనిపిస్తుంటుంది. ఒక్క తీగ తెంచితే ఆమ్లం సగానికి పైగా తగ్గేది, నిజమే. కానీ అదే తీగ కడుపు కదలికలను కూడా నడిపేది కావడంతో, వాళ్లలో కొందరు అన్నం తిన్న అరగంటకు విరేచనాలతో, కళ్లు తిరగడంతో జీవితాంతం అవస్థ పడ్డారు. ఆమ్లాన్ని ఎలాగైనా తగ్గించేయడమే వైద్యం అనుకుంటే ఏమవుతుందో నాకు మొదట తెలియజెప్పింది ఆ మచ్చలే.

ఇప్పుడు బ్రేకు. గ్యాస్ట్రిన్ కణాల పక్కనే యాంట్రంలో సొమాటోస్టాటిన్ అనే పదార్థాన్ని తయారు చేసే కణాలు ఉంటాయి. అవి కడుపులోని ఆమ్లతను రుచి చూస్తూ ఉంటాయనుకోండి. పీహెచ్ 3 కంటే కిందికి దిగగానే అవి సొమాటోస్టాటిన్‌ను వదులుతాయి, అది గ్యాస్ట్రిన్‌ను ఆపుతుంది, హిస్టమిన్‌ను ఆపుతుంది, ప్యారైటల్ కణాన్ని కూడా నెమ్మదింపజేస్తుంది. ఆమ్లం తగినంత చేరగానే ఆమ్లమే ఉత్పత్తిని ఆపిస్తుందన్నమాట.

ఒక పూట భోజనంతో దీన్ని ఊహించుకోండి. మధ్యాహ్నం ఒంటిగంట, ఆకులో ముద్దపప్పు, గోంగూర, నెయ్యి, చివర గడ్డపెరుగు. వడ్డిస్తుండగానే వేగస్ నాడి పని మొదలైంది. అన్నం, పప్పు కడుపులో పడగానే అక్కడున్న ఆమ్లాన్ని అవి పీల్చేసుకుంటాయి, పీహెచ్ 2 నుంచి 4కో 5కో ఎక్కుతుంది. ఆమ్లత తగ్గింది గనుక బ్రేకు వదులుతుంది, గ్యాస్ట్రిన్ పెరుగుతుంది, పంపులు పూర్తి వేగం అందుకుంటాయి. ఆమ్లం అత్యంత జోరుగా ఊరే ఆ గంటలోనే కడుపులోని ద్రవం అంత పుల్లగా ఉండదు, ఎందుకంటే ఊరిందంతా అన్నంలో, పప్పులో ఇంకిపోతుంటుంది. రెండు మూడు గంటలకు కడుపు ఖాళీ అవుతూ వచ్చేసరికి పీల్చుకునే ఆహారం తగ్గి పీహెచ్ మళ్లీ దిగుతుంది, బ్రేకు పడుతుంది. కిందికి జారిన పులుపు చిన్నప్రేగు మొదటి భాగాన్ని తాకగానే అక్కడి నుంచి సెక్రెటిన్ వెలువడి, క్లోమం చేత క్షారరసాన్ని కుమ్మరింపజేస్తుంది, పైన ఆమ్లం ఉత్పత్తినీ తగ్గిస్తుంది. హార్మోను అన్న భావన పుట్టిందే 1902లో ఈ సెక్రెటిన్‌ను కనుగొన్నప్పుడు.

మీ మాత్ర ఏం చేస్తుందంటే, బయటికి వచ్చి పనిచేస్తున్న పంపులకు అతుక్కొని వాటిని శాశ్వతంగా మూసేస్తుంది. లోపలి సంచుల్లో నిద్రపోతున్న పంపులను అది ఏమీ చేయలేదు. మందు రక్తంలో నిలిచేది గంటా రెండు గంటలే. అందుకే టిఫినుకు అరగంట నుంచి గంట ముందు పరగడుపున వేసుకోమని చెబుతాం: మందు రక్తంలో ఉన్న వేళకు, తిండి పిలుపు అందుకొని పంపులు బయటికి రావాలి. రాత్రి పడుకునే ముందు, తిండి ఏమీ తినకుండా వేసుకునేవారికి మందు సగం వృథా. మాత్రను నమలడం, పొడి చేయడం కూడా తగదు, కడుపులోని ఆమ్లం తగిలితే పాడైపోతుందనే దానికి పైపూత వేస్తారు.

పంపులు మూతపడి పీహెచ్ రోజంతా 4కు పైన ఉంటే యాంట్రం ఏమనుకుంటుంది? ఆమ్లం చాలడం లేదనుకుంటుంది. సొమాటోస్టాటిన్ తగ్గుతుంది, గ్యాస్ట్రిన్ పెరుగుతుంది. నెలల తరబడి గ్యాస్ట్రిన్ ఎక్కువగా ఉంటే హిస్టమిన్ కణాలు సంఖ్యలో, సామర్థ్యంలో పెరుగుతాయి. మాత్ర వేసుకున్నంతకాలం వాటి కేకలు ఎవరికీ వినపడవు, ఎందుకంటే పంపులు మూతపడి ఉన్నాయి. మాత్ర ఆపగానే రెండు మూడు రోజుల్లో కొత్త పంపులు తయారవుతాయి, పెరిగిన గ్యాస్ట్రిన్, పెరిగిన హిస్టమిన్ కణాలు మాత్రం అలాగే ఉంటాయి. కొన్ని వారాలపాటు ఆమ్లం నిజంగానే మామూలు కంటే ఎక్కువగా ఊరుతుంది. 2009లో డెన్మార్క్ వైద్యులు ఏ మంటా లేని ఆరోగ్యవంతులకు ఎనిమిది వారాలు ఈ వర్గపు మందు ఇచ్చి ఆపి చూశారు. ఆ తరువాతి నాలుగు వారాల్లో 44 శాతం మందికి మంట, పులితేన్పుల వంటి బాధలు వచ్చాయి, మొదటి నుంచీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 15 శాతం మందికే వచ్చాయి. అంతకు ముందు ఎరగని జబ్బును మాత్ర ఆపడం తెచ్చిపెట్టిందన్నమాట. మీకు మూడో రోజున మొదలైనది చాలావరకు ఇదే అయివుండవచ్చు. దీన్ని చూసి ‘నాకు జన్మంతా మాత్ర కావాలి’ అని నిర్ణయించుకోకండి.

కారం గురించి గుంటూరు వాడిగా కాస్త పక్షపాతంతోనే మాట్లాడతానేమో గానీ, నిజం ఇది. మిరపలోని క్యాప్సైసిన్ నోట్లోనూ కడుపులోనూ వేడిని గుర్తించే నరాల కొసలను రెచ్చగొడుతుంది. అందుకే మంట. అది ఆమ్లం ఉత్పత్తిని పెంచుతుందనడానికి గట్టి ఆధారం లేదు సరికదా, కొన్ని ప్రయోగాల్లో తగ్గించినట్టు, లోపలి పొరకు రక్తప్రసరణ పెంచినట్టు కనిపించింది. 1980ల చివర్లో అమెరికాలో ఆరోగ్యవంతుల కడుపులోకి నూరిన మిరపకాయను నేరుగా వేసి ఎండోస్కోపీతో చూస్తే, కంటికి కనిపించే గాయమేమీ కాలేదు. కారంతో పుండు పడుతుందనేదే నిజమైతే మిర్చి యార్డు చుట్టుపక్కల ఒక్క కడుపూ మిగలకూడదు. అయితే ఇప్పటికే పుండు ఉన్నవారికి, అన్నవాహిక ఒరుసుకుపోయినవారికి, కడుపు నరాలు సున్నితంగా ఉన్నవారికి కారం తగిలితే మంట ఖాయం. గాయం మీద కారం చల్లితే మండదా! అది మానేవరకు తగ్గించుకోవాలి, అంతవరకే.

మరి సాయంత్రం మిరపకాయ బజ్జీలు తిన్న రాత్రే మంట ఎందుకు వస్తుందంటారా? బజ్జీలో దోషం మిరపకాయది కాదు, నూనెది. కొవ్వు చిన్నప్రేగుకు చేరగానే కడుపు ఖాళీ కావడం మందగిస్తుంది, అన్నవాహికకూ కడుపుకూ మధ్యనున్న కండరపు బిగింపు సడలుతుంది. నిండిన కడుపు, వదులైన మూత, పైగా వెల్లకిలా పడక. ఆమ్లం పైకి రావడానికి అంతకంటే ఏం కావాలి? మీ ప్రశ్న చివర్లో పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యం నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది: షిఫ్టు ముగించుకొని రాత్రి పదిన్నరకు భోంచేసి, పదకొండుకల్లా పడుకుంటాననీ, ఈ ఏడాదిలో ఆరు కిలోలు పెరిగాననీ రాశారు. పైగా మన శరీరంలో, తిండితో సంబంధం లేకుండా ఊరే ఆమ్లం కూడా రాత్రి పది నుంచి రెండు గంటల మధ్యే ఎక్కువ. నా అంచనాలో మీ జబ్బు మొదలైంది అక్కడ.

ఉపవాసం మాట. కార్తిక సోమవారం పగలంతా తినకుండా ఉంటే యాసిడ్ పెరిగిపోయి పేగులను తినేస్తుందనే భయం చాలామందిలో ఉంది. తిండి పిలుపు లేనప్పుడు ఊరే ఆమ్లం, పూర్తి వేగంలో ఊరేదానిలో పదోవంతు వరకే ఉంటుంది. ఖాళీ కడుపులో పీహెచ్ తక్కువగా ఉంటుంది గనుక బ్రేకు పడే ఉంటుంది. పీల్చుకునే ఆహారం లేక ఉన్న కొద్దిపాటి ఆమ్లమే పదునుగా తగలవచ్చు, పుండు ఉన్నవారికి అది తెలుస్తుంది. కానీ ఉపవాసం ఉత్పత్తిని పెంచదు. పగలంతా పస్తుండి సాయంత్రం దీపం పెట్టగానే గారెలు, పులిహోర కడుపునిండా లాగించడం వేరే విషయం, దాని ఫలితాన్ని ఉపవాసం మీదికి నెట్టకూడదు.

చల్లటి పాలు, సోడా, కాఫీల గురించి రెండు మాటలు. పాలు తాగిన మొదటి పది నిమిషాలు ఆమ్లాన్ని పీల్చుకొని హాయినిస్తాయి, తరువాత వాటిలోని మాంసకృత్తులు, కాల్షియం మళ్లీ ఆమ్లాన్ని ఊరిస్తాయి. ఒకప్పుడు అల్సర్ రోగులకు గంటకో గ్లాసు పాలు పట్టించేవారు, అది వైద్యం కాదని తరువాత తేలింది. తినేసోడా ఆమ్లంతో కలిసి ఉప్పుగా, నీరుగా, కార్బన్ డయాక్సైడుగా మారుతుంది. బ్రేవుమని వచ్చే తేన్పు ఆ వాయువే. ఎప్పుడో ఒకసారి అయితే ఫరవాలేదు గానీ, బీపీ ఉన్నవారికి ఆ సోడియం మంచిది కాదు. కాఫీ మాత్రం నిజంగానే ఆమ్లాన్ని పెంచుతుంది, కెఫీన్ తీసేసిన కాఫీ కూడా పెంచుతుంది.

నిజంగా ఆమ్లం ఎక్కువయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే సాధారణమైనది హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. అది యాంట్రంలో స్థిరపడి అక్కడి బ్రేకు కణాలను దెబ్బతీస్తే గ్యాస్ట్రిన్ పెరిగి, చిన్నప్రేగు మొదట్లో పుండు పడుతుంది. అదే బ్యాక్టీరియా కడుపు పైభాగమంతా పాకితే ఆమ్లం ఉల్టాగా తగ్గిపోతుంది. దీన్ని కనుగొన్న ఆస్ట్రేలియా వైద్యులు మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది, అంతకు ముందు మార్షల్ ఆ బ్యాక్టీరియాను స్వయంగా తాగి జబ్బు తెచ్చుకున్నాడు. పరీక్ష చాలా చిన్నది. ఎండోస్కోపీలో బియ్యపు నూక కంటే చిన్న ముక్కను గిల్లి, పసుపుపచ్చని జెల్లీ ఉన్న బిళ్లలో గుచ్చుతాం. బ్యాక్టీరియా ఉంటే ఆ పసుపు నిమిషాల్లోనో గంటల్లోనో ముదురు గులాబిగా మారుతుంది. బల్ల మీద పెట్టి పక్క రోగిని చూస్తుండగానే అది రంగు తిరగడం, ఇన్నేళ్ల తరువాత కూడా, నేను ఆసక్తిగా తొంగిచూసే సంగతి. అయితే గ్యాస్ మాత్రలు వాడుతూ ఈ పరీక్ష చేయించుకుంటే జబ్బు ఉన్నా లేదని రావచ్చు, రెండు వారాల ముందు ఆపవలసి ఉంటుంది. ఇది కాక, గ్యాస్ట్రిన్‌ను అదుపు లేకుండా తయారు చేసే కణితి ఒకటుంది, చాలా అరుదు. ఎన్ని మాత్రలకూ మానని పుండ్లతో పాటు విరేచనాలు కూడా ఉంటే దాన్ని అనుమానిస్తాం.

ఇంకో మాట, ఇది మీకోసం మాత్రమే కాదు. మన జిల్లాల్లో ఛాతీలో ఏది వచ్చినా ‘గ్యాస్ పట్టేసింది’ అంటాం. యాభై రెండేళ్ల వ్యాపారి ఒకాయన అర్ధరాత్రి ఛాతీ బరువుగా ఉండి, చెమటలు పడితే, గోలీసోడా తాగి, వాము నమిలి, తెల్లవారాక నడుచుకుంటూ మా దగ్గరకు వచ్చారు. చొక్కా వెన్ను భాగం తడిసి ఒంటికి అతుక్కొని ఉంది. నేను కడుపు మీద చెయ్యి వేయకముందే ఈసీజీ తీయించాను. గుండెపోటు వచ్చి అప్పటికి ఏడు గంటలు గడిచింది. బతికారు గానీ గుండె కండరంలో కొంత భాగం పోయింది. చెమటతో కూడిన బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, నడిస్తే పెరిగే నొప్పి ఉంటే ముందు ఈసీజీ, తరువాతే గ్యాస్ మాత్ర. అలాగే మింగుడు పడకపోవడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, లేదా యాభై అయిదు దాటాక మొదటిసారిగా మొదలైన మంట ఉంటే మాత్రలతో నెట్టుకురాకుండా ఎండోస్కోపీ చేయించుకోవాలి.

మీ విషయంలో నేను చేసే పని ఇలా ఉంటుంది, మీ వైద్యుడితో మాట్లాడి నిర్ణయించుకోండి. మీరు ఆస్పిరిన్ గానీ, రక్తం పలచబరిచే మందులు గానీ వాడుతుంటే, గతంలో పుండు నుంచి రక్తస్రావం అయివుంటే, ఎండోస్కోపీలో అన్నవాహిక బాగా ఒరుసుకుపోయిందని తేలివుంటే మాత్ర ఆపే ప్రయత్నమే చేయను. అవేమీ లేకపోతే ఒక్కసారిగా ఆపించను. ముందు 40ని 20కి తగ్గించి రెండు మూడు వారాలు, ఆ తరువాత రోజు విడిచి రోజు మరో రెండు వారాలు. మధ్యలో మంట వచ్చిన పూటకు ద్రవరూపంలోని యాంటాసిడ్ రెండు చెంచాలు, లేదా రాత్రి పూట ఒక ఫామోటిడిన్. ఈ వారాల్లో కొంత మంట వస్తుందని ముందే చెప్పి పంపుతాను. వస్తుందని తెలిసినవాడు భయపడడు, మళ్లీ అట్ట చింపడు.

ఏళ్ల తరబడి అవసరం లేకుండా వాడితే ఏమవుతుందని కూడా అడుగుతారు గనుక చెబుతున్నాను. ఆహారంలోని బీ12 విడివడడానికి, ఇనుము ఇంకడానికి, తిండితో లోపలికి వచ్చే సూక్ష్మక్రిములను చంపడానికి ఆమ్లం కావాలి. మాంసకృత్తులను విరిచే పెప్సిన్ కూడా ఆ పులుపులోనే పనిచేస్తుంది. రిటైరైన ఒక ఉపాధ్యాయిని పదకొండేళ్లుగా ఎవరూ అడగకుండానే మాత్ర వేసుకుంటూ, అరికాళ్ల తిమ్మిర్లతో వచ్చారు. ఆమె శాకాహారి, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ కూడా వాడేవారు, కాబట్టి బీ12 అడుగంటడానికి నేరమంతా ఒక్క గ్యాస్ మాత్రదే అనను. అయినా పదకొండేళ్ల కిందట రెండు వారాలకని రాసిన చీటీ అది.

మాత్ర తగ్గించే రోజు నుంచే మీ రాత్రి భోజనాన్ని మార్చండి. షిఫ్టు మధ్యలో ఎనిమిదింటికి పెరుగన్నమో, రెండు ఇడ్లీలో తినేయండి, ఇంటికి వచ్చాక కడుపు నింపకండి. భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉండాలి. తలగడలు పెంచితే మెడ వంగడమే తప్ప లాభం లేదు, మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరేడు అంగుళాలు ఎత్తండి. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే కడుపులోని ద్రవం అన్నవాహిక ద్వారానికి దిగువన ఉండిపోతుంది, కుడి పక్కకు తిరిగితే ద్వారం మీదికే వస్తుంది. పొగతాగడం, కిళ్లీ ఉంటే మానేయండి. ఆ ఆరు కిలోలలో కనీసం నాలుగు తగ్గండి. గోంగూరను, ఆవకాయను మాత్రం, ప్రత్యేకంగా అవి తిన్నప్పుడే బాధ కలుగుతోందని మీకు మీరు రెండు మూడుసార్లు గమనించుకుంటే తప్ప, మానవలసిన పని లేదు. ఎనిమిది వారాల తరువాత కూడా వారానికి రెండుసార్లకు మించి మంట వస్తుంటే ఒకసారి ఎండోస్కోపీ చేయించుకొని, ఆ రిపోర్టులో ఏముందో ఇక్కడే రాయండి. వీలు చూసుకొని జవాబిస్తాను.